అద్దం ఎత్తలేని చేతులు

అద్దాలాయన అంటే ఆ చుట్టుపక్కల వీధుల్లో తెలియనివాళ్లు లేరు. కిటికీ అద్దం పగిలినా, దుకాణానికి కొత్తగా ముందరద్దం పెట్టించాలన్నా, బీరువా తలుపు అద్దం జారి వేలాడుతున్నా ఆయన దగ్గరికే పరిగెత్తేవారు. రెండు వీధులు కలిసే మూలన ఇరుకైన కొట్టు, దాని మీద మూడు గదుల ఇల్లు. కొట్టులో గోడకి ఆనించి నిలబెట్టిన గాజు పలకలు, మధ్యలో పాత కంబళి పరిచిన వెడల్పాటి బల్ల, ఎప్పుడూ అద్దాలు అతికించే లప్పం వాసన. ఆ బల్ల మీద పలక పడుకోబెట్టి, కొలబద్ద ఆనించి, వజ్రపు మొన ఉన్న కలాన్ని ఒక్క ఊపులో లాగేవాడు. కిర్రుమని ఒక గీత. తరవాత బొటనవేళ్లతో కింద చిన్నగా నొక్కితే చాలు, పలక గీత మీదే రెండయ్యేది.

పై గదిలో ఆయన భార్య కిటికీ తెరలు కుట్టేది. "నేను వెలుతురు రావాలని కిటికీలు పెట్టి వస్తాను, మా ఆవిడ వెనకాలే వెళ్లి వాటిని మూసి వస్తుంది" అని ఆయన కొట్టుకొచ్చిన ప్రతివాడితోనూ చెప్పేవాడు. "ఆ జోకు మా పెళ్లికంటే పాతది, కొత్తది దొరికితే అప్పుడు నవ్వండి" అని ఆవిడ మెట్ల మీంచే అందుకునేది.

పెద్ద పలక మోయడానికి ఇద్దరు కావాలి. ఆ రెండోవాడు ఆయన బావమరిది. ఊచలా పొడుగ్గా ఉంటాడని అందరూ అతన్ని నిచ్చెన అనేవారు. చదువు ఆపేసిన ఏడాదే బావ దగ్గర పనికి చేరాడు. నడివయసు వచ్చినా అక్కడే ఉన్నాడు. గాజు మోసేటప్పుడు ఒకడు అడుగు వేస్తే రెండోవాడు అదే అడుగు వెయ్యాలి, ఒకడికి తుమ్ము వస్తే రెండోవాడు ఆగిపోవాలి. వాళ్లిద్దరూ నిలువెత్తు అద్దాన్ని మోసుకుని వీధిలో నడుస్తుంటే ఒకే మనిషి నడుస్తున్నట్టుండేది. మెట్లెక్కేటప్పుడు బరువంతా కింది కొస మీద పడుతుంది. ఆ కొస ఎప్పుడూ బావదే.

"కింద నేనుంటాలే. ఆకాశం నీకే దగ్గర, పైన నువ్వు దారి చూడు" అనేవాడు.

ఆయనకి ఒకే ఒక్క భయం ఉండేది. వాళ్ల నాన్నదీ ఇదే పని. ఇదే బల్ల దగ్గర పలక కోస్తూ కోస్తూ గుండె పట్టుకుని కూలిపోయాడు. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆ వయసు తనకి దగ్గర పడుతున్నకొద్దీ ఈయన పైకి నవ్వుతూనే లోపల బిక్కుబిక్కుమంటూ ఉండేవాడు. అందుకే మార్కెట్ హాల్లో ఉచితంగా రక్తపరీక్షలు చేస్తున్నారని తెలియగానే భార్యని వెంటేసుకుని అందరికంటే ముందు వెళ్లి నిలబడ్డాడు.

ఇద్దరికీ కొలెస్టరాల్ ఎక్కువే ఉందన్నారు. ఆయనకి మరీ ఎక్కువ. వీధి చివర క్లినిక్‌లో డాక్టరు ఇద్దరికీ ఒకే మాత్ర రాశాడు. మూడు నెలలయ్యాక మళ్లీ చూద్దాం, ఒళ్లు నొప్పులొస్తే మాత్రం వెంటనే వచ్చి చెప్పండి, అన్నాడు.

"ఇన్నాళ్లకి మనిద్దరికీ ఒక్క విషయంలో మాట కలిసింది" అన్నాడాయన బయటికొస్తూ.

ఇక అప్పట్నుంచి ఆయనకి మాత్రే లోకమైపోయింది. నూనె తగ్గించాడు, పొద్దున్నే నడక మొదలుపెట్టాడు. అయినా మనసు నిలవలేదు. మూడు నెలలు ఆగి చూడడమంటే ఆయనకి నిప్పుల మీద కూర్చున్నట్టుగా ఉండేది. ఆ ఆరాటం చూసే నిచ్చెన ఒకరోజు ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆరోగ్యానికి సంబంధించిన సరుకులమ్మే ఒక కొట్టుకి అద్దాలు బిగించి వస్తూ, అక్కడివాళ్లు చెప్పింది విని కొన్నాడు. లోపల ఎర్రటి గొట్టం మాత్రలు.

"మందు కాదు బావా. బియ్యాన్ని పులియబెట్టి తీసిందట. కొవ్వుని ఊడ్చి పారేస్తుందట. అక్కడికొచ్చే ఒక పెద్దాయన ఇవి వేసుకుని కుర్రాడిలా గెంతుతున్నాడు."

"డాక్టరుగారిని ఒక మాట అడిగితే పోలా?" అంది అక్క.

"అన్నం తినొచ్చా అని డాక్టర్ని అడుగుతామా ఏంటక్కా? బియ్యమే కదా!"

ఆవిడ తన మాత్ర తాను వేసుకుని, ఆ డబ్బా జోలికి పోలేదు. ఆయన మాత్రం రెండూ మొదలుపెట్టాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే అంకె సగానికి సగం పడిపోయింది. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. కొట్టుకొచ్చినవాళ్లందరికీ చొక్కా జేబులోంచి ఆ కాగితం తీసి చూపించాడు. "మా బావమరిది పుణ్యం" అని నిచ్చెన వీపు చరిచాడు. డాక్టరు కూడా బాగుందనే అన్నాడు. ఎర్ర గొట్టాల సంగతి ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. మందైతే కదా చెప్పడానికి.

నొప్పులు తొడల్లో మొదలయ్యాయి. కిటికీ కింది అంచుకి లప్పం పెట్టడానికి గొంతుక్కూర్చుంటే లేవడానికి చట్రం పట్టుకోవాల్సి వచ్చేది. పొద్దున్నే నడుస్తున్నాను కదా, అందుకే అనుకున్నాడు. తరవాత భుజాలు పట్టేశాయి. తల దువ్వుకోవడానికి చెయ్యి పైకెత్తి, సగంలో దించి, కాసేపాగి మళ్లీ ఎత్తేవాడు. భార్య నొప్పుల నూనె రాసింది. వయసు మీదపడుతోందండీ, అంది. నిచ్చెన కూడా ఆటపట్టించాడు.

"ఏంటి బావా, పలక కన్నా నువ్వే ఎక్కువ మూలుగుతున్నావు?"

"పలకకి నీలాంటి బావమరిది లేడు కాబట్టి" అన్నాడాయన. కానీ ఆ మధ్యాహ్నం భోజనం దగ్గర గ్లాసు ఎత్తితే నోటి దాకా రాలేదు. ఎవరూ చూడకుండా రెండో చెయ్యి ఆసరా పెట్టుకున్నాడు. డాక్టరు చెప్పిన మాట గుర్తుకు రాకపోలేదు. వెళ్తే మాత్ర ఆపేస్తాడేమో, ఆపేస్తే అంకె మళ్లీ పెరుగుతుందేమో అనుకుని ఊరుకున్నాడు.

ఒక దంతవైద్యుడి గదికి పెద్ద అద్దం ఎక్కించాల్సి వచ్చింది. మేడ మీద గది, ఇరుకు మెట్లు. ఎప్పట్లాగే కింది కొస ఆయన పట్టుకున్నాడు. మలుపు దగ్గర ఎత్తి తిప్పాలి. "ఎత్తు బావా" అన్నాడు నిచ్చెన. ఆయన ఎత్తబోయాడు. చేతులు ఉన్నాయి, తొడుగులు ఉన్నాయి, పట్టు ఉంది, ఎత్తడానికి కావలసింది మాత్రం లోపల లేదు. మోకాళ్లు వాటంతట అవే మడతపడ్డాయి. అద్దం గోడకి కొట్టుకుని ముక్కలైపోయింది. ఒక ముక్క నిచ్చెన పిక్కని పొడుగ్గా చీరేసింది.

రక్తం మెట్ల మీద పారుతుంటే నిచ్చెన పళ్లు బిగించి అరిచాడు. "చేతకాకపోతే చేతకాదని చెప్పొచ్చుగా! ఎందుకు పట్టుకున్నావు?"

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయాడు. సాయం చెయ్యడానికి కూడా లేవలేకపోయాడు. పక్కగదిలోవాళ్లు వచ్చి ఇద్దర్నీ దింపారు.

మర్నాడు పొద్దున్న మూత్రం నల్లటి టీ రంగులో వచ్చింది. అది చూసి భార్య ఇంక ఆగలేదు. క్లినిక్ డాక్టరు చూసీ చూడగానే పెద్దాసుపత్రికి పంపేశాడు. అక్కడ రక్తం తీశారు, సెలైన్లు వరసగా ఎక్కించారు. సాయంత్రం ఒక కుర్ర డాక్టరు మంచం పక్కన నిలబడి అడిగాడు.

"కొలెస్టరాల్ మాత్ర కాకుండా ఇంకేమైనా వేసుకుంటున్నారా?"

"లేదండీ" అన్నాడాయన.

భార్య సంచీలోంచి డబ్బా తీసి ఇచ్చింది. డాక్టరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మంచం పక్క బల్ల మీద పెట్టాడు. ఆ పులిసిన బియ్యంలోనూ మాత్రలో ఉండే జాతి మందే ఉంటుందని చెప్పాడు. "ఒకదాని మీద ఒకటి వేసుకున్నారు. కండ కరిగి రక్తంలో కలుస్తోంది. ఆ చెత్తంతా మూత్రపిండాల మీద పడుతోంది. రెండూ ఆపేశాం. కొన్ని వారాల్లో కోలుకుంటారు, చాలామంది కోలుకుంటారు."

గుమ్మం దగ్గర కాలికి కట్టుతో నిచ్చెన నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. లోపలికి రాకుండానే వెనక్కి తిరిగి, ఆ కాలితోనే కుంటుకుంటూ డబ్బా అమ్మిన కొట్టుకి వెళ్లాడు. నోటికొచ్చినట్టు తిట్టాడు. వాళ్లు తాపీగా ఇంకో డబ్బా తీసి వెనకవైపు చూపించారు. వేరే మందులు వాడేవాళ్లు వైద్యుణ్ణి అడిగి వాడాలని చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. నిచ్చెన దాన్ని రెండుసార్లు చదివి వచ్చేశాడు.

మూత్రపిండాలు నిలబడ్డాయి. ఆయన ఇంటికొచ్చాడు. వారాలు గడిచాయి, డాక్టరు చెప్పినట్టు కోలుకోవడం మాత్రం జరగలేదు. మంచం దిగడానికి పక్కకి దొర్లి, మోచేతి మీద ఆని, అక్కణ్ణుంచి భార్య భుజం పట్టుకుని లేచేవాడు. కుర్చీ కాళ్ల కింద చెక్కదిమ్మెలు పెట్టి ఎత్తు పెంచారు. ఇంటి మెట్లు దిగడం ఒక పనైపోయింది, ఎక్కడం ఇంకో పనైపోయింది. పలకరించడానికి వచ్చినవాళ్లు పాలు తాగమన్నారు, మర్దనా చేయించమన్నారు, మనసు గట్టిగా పెట్టుకోమన్నారు. పైకి కండలు అలాగే కనిపించేవి. అందుకని కొందరు మెట్లు దిగుతూ, పనికి బద్ధకిస్తున్నాడని కూడా అనుకున్నారు. ఆ మాటలు ఆయన చెవిన పడ్డాయి.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు కొట్టులోకి దిగి, ఫొటోకి పెట్టేంత చిన్న గాజుముక్కని రెండు చేతులతో పట్టుకుని తల మీదికి ఎత్తి చూసుకున్నాడు. గడ్డం దాకా వచ్చింది. మళ్లీ ఎత్తాడు. ఈసారి ఛాతీ దాకానే వచ్చింది. దాన్ని జాగ్రత్తగా కంబళి మీద పెట్టి, బల్ల పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

చివరికి కండరాల జబ్బులు చూసే పెద్ద డాక్టరమ్మ దగ్గరికి వెళ్లారు. తొడలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపింది. ఫలితం వచ్చాక ఇద్దర్నీ కూర్చోబెట్టి నిదానంగా చెప్పింది.

"మంట రాజేసింది ఆ మందే. ఇప్పుడు మందు ఆపినా మంట ఆరడం లేదు. మీ ఒంట్లో రోగాలతో పోరాడాల్సిన బలగం మీ కండల్నే శత్రువనుకుని కొడుతోంది. ఇది చాలా అరుదు. లక్షల్లో ఏ కొద్దిమందికో వస్తుంది."

"నేను లాటరీ టిక్కెట్టు ఎప్పుడూ కొనలేదమ్మా" అన్నాడాయన.

డాక్టరమ్మ నవ్వలేదు. "ఇంకా పాకకుండా ఆపడానికి మందులున్నాయి. ఆపగలమనే అనుకుంటున్నాను. పోయిన బలంలో కొంత రావచ్చు."

"కొంత అంటే?"

"ఇప్పుడే చెప్పలేను. అద్దాలు మోసే పని గురించి అడుగుతున్నట్టయితే, ఆశ పెట్టుకోకండి."

ఆయన తల ఊపాడు. తరవాత ఇంకో ప్రశ్న అడిగాడు. "మా ఆవిడ కూడా అదే మాత్ర వేసుకుంటోంది. పర్వాలేదా?"

"నొప్పులేమైనా ఉన్నాయా అమ్మా?"

"లేవు" అంది ఆవిడ.

"అయితే మానొద్దు. మీకది మేలే చేస్తోంది."

ఆవిడ ఆ మాత్ర అప్పటికే మానేసి చాలా రోజులైంది. ఇంటికొచ్చిన కొన్నాళ్లకి, తన మందుల కోసం డబ్బా తీసినప్పుడు ఆయనకి ఆ సంగతి తెలిసింది. ఆవిడ మాత్రల అట్ట ఎక్కడిదక్కడే ఉంది. కుట్టుమిషను దగ్గరున్న భార్యని పిలిచాడు.

"ఇదేంటి?"

ఆవిడ కాసేపు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల దించుకుని, "మిమ్మల్ని ఇలా చేసినదాన్ని నా చేత్తో నా నోట్లో ఎలా వేసుకోనండీ?" అంది.

"నీకేం చెయ్యలేదుగా."

"అదే... నాకేం చెయ్యలేదనే. ఇద్దరం ఒక్క రోజే మొదలుపెట్టాం. నేను పొద్దున్నే చకచకా మెట్లు దిగుతుంటే మీరు అలా చూస్తారు. నాకు సిగ్గేస్తోంది."

ఆయన అట్టలోంచి ఒక మాత్ర తీయబోయాడు. వేలికి వెనక రేకు చిట్లలేదు. కోపం వచ్చి పళ్లతో చింపాడు. మాత్ర అరచేతిలో పెట్టుకుని చెయ్యి చాచాడు. "వేసుకో. నీ గుండె ఆగిపోతే నన్నీ కుర్చీలోంచి లేపేదెవరు?"

ఆవిడ ఏడుస్తూ మింగింది. ఆ మాట తాను ప్రేమతో అన్నాడో, తన అవసరం కోసం అన్నాడో ఆయనకే తెలియలేదు. ఆ తరవాత రోజూ ఆవిడ ఆయన ఎదురుగానే వేసుకునేది. ఆయన చూస్తూ ఉండేవాడు.

కొత్త మందులు ఇంకో రకం గోల తెచ్చాయి. ముఖం బూరెలా ఉబ్బింది, నిద్ర పోయింది, చక్కెర పెరిగింది. చిన్నదానికీ పెద్దదానికీ కస్సుమనేవాడు; అని వెంటనే క్షమించమనేవాడు. జబ్బు పాకడం మాత్రం ఆగింది. డాక్టరమ్మ అది పెద్ద విజయమంది. కొలెస్టరాల్ మళ్లీ మొదటికొచ్చింది. ఆ జాతి మాత్రలు జన్మలో ముట్టకూడదు, వేరే దారులున్నాయి, ముందు ఈ మంట పూర్తిగా అణగనివ్వండి, అని చెప్పింది. అలా గుండె భయం గుండె భయంగానే ఉంది, కాళ్లూ చేతులూ పోయాయి. ఆ ఏడాది మధ్యలో ఎప్పుడో ఆయన వాళ్ల నాన్న చనిపోయిన వయసు దాటాడు. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన రోజు. భార్యకి కూడా చెప్పలేదు.

కూర్చుని చేసే పనైనా చేద్దామని కొట్టులో ఎత్తు స్టూలు వేయించుకున్నాడు. కోసే పని తనది, మోసే పని నిచ్చెనది అనుకున్నారు. నిచ్చెన పలక తెచ్చి బల్ల మీద పడుకోబెట్టాడు. ఆయన కలం పట్టి లాగాడు. గీత మొదట్లో బాగానే వచ్చింది. మధ్యకొచ్చేసరికి నొక్కు తగ్గి, కలం గాజు మీద జారిపోయింది. విరిస్తే వంకరగా, పళ్లుపళ్లుగా విరిగింది. ఇంకోటి తెమ్మన్నాడు. అదీ అంతే. మూడోదానికి నిచ్చెనే మెల్లగా, "రేపు చూద్దాంలే బావా" అన్నాడు. ఆ రేపటి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

నిచ్చెన ఇంకొకణ్ణి పనికి పెట్టుకున్నాడు. మంచివాడే, బలమైనవాడు. పలకలు కొట్టుకి రావడం, కొట్టులోంచి పోవడం ఆగలేదు. పైనున్న కిటికీలోంచి ఆయనకి వాళ్లిద్దరూ వీధిలో నడుస్తూ కనిపించేవారు. అడుగులు కలిసేవి కావు, అప్పుడప్పుడూ అరుచుకునేవారు. అయినా పని జరిగిపోయేది.

నిచ్చెన పైకి రావడం తగ్గించేశాడు. ఏదన్నా చెప్పాలంటే కిందనుంచే అక్కని కేకేసేవాడు. ఒక ఆదివారం మాత్రం వచ్చి, బావ కుర్చీ పక్కన నేల మీద కూర్చున్నాడు. కూర్చున్నా అతని తల బావ భుజం దాకా వచ్చింది.

"బావా, నన్నొక్కసారి తిట్టు."

"ఎందుకు?"

"ఎందుకేంటి? ఆ డబ్బా తెచ్చింది నేను. అక్క ఏమీ అనదు, నువ్వూ ఏమీ అనవు. రోజూ తిండి దిగట్లేదు నాకు."

"తిడితే కండ వస్తుందంటే పొద్దున్నించి సాయంత్రం దాకా తిట్టేవాణ్ణిరా" అన్నాడాయన. కాసేపయ్యాక, "నీ కాలెలా ఉంది?" అని అడిగాడు.

నిచ్చెన ప్యాంటు పైకి లాగి చూపించాడు. పిక్క మీద పొడుగాటి మచ్చ మెరుస్తోంది. ఇద్దరూ దాన్నే చూస్తూ కూర్చున్నారు. తనని క్షమించాడో లేదో తెలియకుండానే నిచ్చెన లేచి వెళ్లాడు. క్షమించడానికి కూడా కాస్త ఓపిక ఉండాలేమో. ఆయన దగ్గర అదీ అయిపోయింది.

తరవాతి చలికాలంలో ఒకరోజు భార్య ఊరి అవతలున్న హోటలుకి తెరలు అప్పజెప్పడానికి వెళ్లింది. అన్నం, మంచినీళ్లు, మందులు, ఫోను అన్నీ చేతికందేలా పెట్టి వెళ్లింది. అవసరమైతే ఒక్క ఫోను చెయ్యండి, కింద తమ్ముడున్నాడు, పరిగెత్తుకుంటూ వస్తాడు, అని పదేపదే చెప్పింది. అక్కడ కొలతల దగ్గర పేచీ వచ్చి ఆలస్యమైంది. ఆవిడ వచ్చేసరికి పొద్దు వాలుతోంది, గదిలో దీపం వెయ్యలేదు. ఆయన కుర్చీలోనే ఉన్నాడు. అన్నం ముట్టలేదు. పంచె తడిసి ఆరిపోయింది. ఫోను ఒళ్లోనే ఉంది.

"అయ్యో! ఎంతసేపైందండీ? ఫోను చెయ్యలేదేం?"

"చెయ్యి ఆడుతూనే ఉంది. చేద్దామనే తీశాను."

"మరి?"

"చేస్తే వస్తారు. వచ్చి లేపుతారు." ఆయన గొంతులో కోపమేమీ లేదు. "లేచి ఏం చెయ్యాలో తట్టలేదు. అది తట్టాక చేద్దామని కూర్చున్నాను."

ఆవిడ సంచీ కింద పెట్టి, చెప్పులు కూడా విప్పకుండా ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. కింద కొట్టులో షట్టరు దించుతున్న చప్పుడు వినిపించింది. నిచ్చెన, ఆ కొత్తవాడు ఏదో మాట్లాడుకుంటూ వెళ్లిపోయారు. గదిలో ఒకరి ముఖం ఒకరికి సరిగ్గా కనిపించడం లేదు.

కొంతసేపటికి ఆవిడ లేచి దీపం వేసింది. వేడినీళ్లు తెచ్చింది. ఆయన చంకల కింద చేతులు దూర్చి, తన మోకాలు ఆయన మోకాలికి అడ్డంపెట్టి, "ఊఁ" అంది. ఆయన వైపునుంచి సాయమేమీ రాలేదు. ఆవిడే లేపింది.